మూడు లక్షల ఎనభై వేల ముద్దాయి

నేరాలు మనుషులు చేస్తారన్నది పాతకాలపు భ్రమ. మనిషికి అమ్మానాన్నలుంటారు, లాయరుంటాడు, అన్నిటికీ మించి నోరుంటుంది. అలాంటివాణ్ని పట్టుకుంటే కేసు ఏళ్లూ పూళ్లూ సాగుతుంది. డబ్బుకు ఈ బాధల్లేవు. అది అన్నం అడగదు, కొట్టారని చెప్పుకోదు, బెయిలు కోసం పైనుంచి ఫోన్లు చేయించదు. ఈ సత్యాన్ని ముందుగా గ్రహించిన ఆ ఊరి పోలీసు శాఖ ‘అనుమానాస్పద నగదు నిగ్రహ విభాగం’ అని ఒకటి తెరిచి, మత్తుమందు వ్యాపారంలో నేరుగా డబ్బునే అరెస్టు చేసే పద్ధతి ప్రవేశపెట్టింది. మొదటి ఏడాదిలో మత్తుమందు వ్యాపారి ఒక్కడూ దొరకలేదు గానీ డబ్బు మాత్రం బోలెడు దొరికింది. ఈ విజయానికి గుర్తుగా విభాగానికి మూడంతస్తుల కొత్త భవనం కట్టారు (ఏ డబ్బుతో అని అడిగిన విలేకరికి టీ ఇచ్చి పంపేశారు).

అటువంటి విభాగం చేతికి ఒక మంగళవారం పొద్దున పదిన్నరకు మందులక్క చిక్కింది. కాదు, రికార్డు ప్రకారం మందులక్క చిక్కలేదు. ఆమె చేతిసంచిలో ఉన్న మూడు లక్షల ఎనభై వేలు చిక్కాయి. ఆ సమయానికి మందులక్క వాటి పక్కన ఉంది, అంతే.

మందులక్కది మెడికల్ షాపు. నలుగురు నిలబడితే అయిదోవాడు రోడ్డు మీదుండే షాపు. పందొమ్మిదేళ్లుగా ఆ గాజు బల్ల వెనక నిలబడి, డాక్టర్లు రాసిన గీతల్లోంచి అక్షరాలను బయటికి లాగుతూ, ఏది తిన్న తర్వాతో ఏది తినకముందో ఒక్కొక్కరికి మూడుసార్లు చెబుతూ బతుకుతోంది. భర్త దూరప్రాంతాల బస్సు నడుపుతాడు. ఇంట్లో ఉన్న రోజులకంటే లేని రోజులే ఎక్కువ. ఇంట్లో శాశ్వతంగా ఉండేది అత్తగారు.

నెల కిందట షాపులో మందులుంచే ఫ్రిజ్ చివరిసారిగా గురకపెట్టి ఊరుకుంది. లోపలున్న ఇన్సులిన్ సీసాలు, చుక్కల మందులు, పసిపిల్లల టీకాలు అన్నీ ఇంట్లో అత్తగారి ఫ్రిజ్‌లోకి మారాయి. దాంతో షుగరు జబ్బువాళ్లంతా షాపుకు కాకుండా ఇంటికి రావడం మొదలుపెట్టారు. అత్తగారు ఊరికే ఇచ్చే మనిషి కాదు. నిన్నంతా ఏం తిన్నావో చెప్పమని గుమ్మంలో నిలబెట్టేది. నిజం చెప్పినవాళ్లకు వెంటనే, అబద్ధం చెప్పినవాళ్లకు పది నిమిషాలు తిట్టిన తర్వాత సీసా చేతికొచ్చేది. జనానికిది బాగానే ఉన్నా, మందుల తనిఖీకి వచ్చిన అధికారికి టమాటాల బుట్ట పక్కన టీకాలు కనిపించడం బాగోలేదు. పదిహేను రోజుల్లో సరైన ఫ్రిజ్ పెట్టకపోతే చల్లని మందులేవీ అమ్మరాదని కాగితం రాసి చేతిలో పెట్టి వెళ్లాడు. మరో మెడికల్ షాపు నదికి అవతల ఉంది.

అదృష్టం కొద్దీ నర్సింగ్‌హోమ్ డాక్టరు ఒకాయన, వయసు మీదపడి ఆస్పత్రి మూసేస్తూ, రెండు తలుపుల మందుల ఫ్రిజ్ అమ్మకానికి పెట్టాడు. మూడు లక్షల ఎనభై వేలు. నగదే కావాలన్నాడు (“ఫోను తెర మీద కనపడే అంకెల్ని నేను నమ్మనమ్మాయ్, రక్తపరీక్షల్లోవే నమ్మను” అన్నాడు). శనివారం లోపు తేకపోతే పూల కొట్టాయనకు ఇచ్చేస్తానన్నాడు. ఆయనకు గులాబీలు వాడిపోతున్నాయట.

మందులక్క తన దగ్గరున్న రెండు లక్షల అరవై వేలకు అత్తగారి లక్షా ఇరవై వేలు కలిపి, రబ్బరుబ్యాండ్లు వేసి, సంచిలో పెట్టుకుని బస్సెక్కింది. వంతెన దగ్గర విభాగం వాళ్లు బస్సు ఆపి అందర్నీ దింపారు. సంచులు వరసగా నేలమీద పెట్టమన్నారు. అప్పుడు వచ్చారు సార్‌గారు.

సార్‌గారంటే కుక్క. పదకొండేళ్ల వయసు, మూతి దగ్గర నెరిసిన వెంట్రుకలు, మెడలో పతకం. హోదాలో కానిస్టేబుళ్లకంటే పైన కావడంతో వాళ్లు సెల్యూట్ చేసేవారు. సరుకు వాసన తగిలితే సార్‌గారు మొరగరు, గోకరు; మర్యాదగా కూర్చుంటారు. అదే సాక్ష్యం. ఆ రోజు వరసలో మూడు సంచులు దాటి నాలుగో సంచి ముందు కూర్చున్నారు. నాలుగోది మందులక్కది.

విభాగం తనిఖీ అధికారి ముందుకొచ్చాడు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, చెవి వెనక పెన్ను.

“ఇందులో ఏముందమ్మా?”

“డబ్బండీ.”

“ఏం డబ్బు?”

“మందులమ్మిన డబ్బు.”

రాస్తున్న పెన్ను టక్కున ఆగింది. ఇరవయ్యేళ్ల సర్వీసులో ఇంత నిజాయితీ ఆయన చూడలేదు.

“ఎన్నాళ్ల నుంచి అమ్ముతున్నారు?”

“పందొమ్మిదేళ్లండీ. కావాలంటే మా వీధిలో ఎవర్నైనా అడగండి, పోలీసులు కూడా నా దగ్గరే కొంటారు.”

ఆ చివరి మాట ఆయన రాసుకోలేదు. “ఎవరెవరు కొంటారు?” అన్నాడు.

“అలవాటైనవాళ్లే ఎక్కువ. షాపు తెరవకముందే వచ్చి నిలబడతారు. ఒక్క పూట దొరక్కపోతే కాళ్లూ చేతులూ ఆడవు పాపం.”

“సరుకు ఎక్కడ దాచారు?”

“ప్రస్తుతానికి మా అత్తగారి ఫ్రిజ్‌లో.”

“మత్తు కలిగించేవి కూడా ఉంటాయా?”

“చీటీ తెచ్చినవాళ్లకే ఇస్తానండీ.”

“మిమ్మల్ని అందరూ ఏమని పిలుస్తారు?”

“మందులక్క అంటారు.”

తనిఖీ అధికారి ‘మారుపేరు’ అన్న గడిలో ఆ మాట పొందిగ్గా రాసి, కింద రెండు గీతలు గీశాడు. అప్పటికి మందులక్కకు సంగతి అర్థమైంది.

“అయ్యో, నాది మెడికల్ షాపండీ! జ్వరం మందులు, బీపీ మందులు!”

“మందులన్నారా లేదా?”

“అన్నాను గానీ...”

“అన్నారు కదా. ఇక కంగారెందుకు? మిమ్మల్ని ఎవరూ ఏమీ అనడం లేదు. మీరు వెళ్లొచ్చు.”

“మరి డబ్బు?”

“అది అరెస్టయింది.”

“డబ్బు లేకుండా నేనెక్కడికి వెళ్లనండీ?”

“ఎక్కడికైనా వెళ్లండమ్మా. మీకు పూర్తి స్వేచ్ఛ ఉంది.”

తర్వాత ఆయన నిబంధన ప్రకారం సంచి ముందు వంగి, దాని హక్కులు దానికి చదివి వినిపించాడు. మాట్లాడకుండా ఉండే హక్కు దానికి ఉందన్నాడు. సంచి ఆ హక్కును వెంటనే వినియోగించుకుంది. మందులక్కకు రశీదు ఇచ్చారు. ముద్దాయి పేరు: మూడు లక్షల ఎనభై వేలు. వృత్తి: చేతులు మారడం. స్థిరనివాసం: లేదు. వెంట ఉన్నవారు: ఒక స్త్రీ.

ఆ ఒక స్త్రీ ఇంటిదాకా నడిచే వచ్చింది. బస్సు టిక్కెట్టు డబ్బులు కూడా ఆ సంచిలోనే ఉన్నాయి మరి.

అత్తగారు కూరగాయలు తరుగుతూ అంతా విన్నది. కత్తి పక్కన పెట్టింది.

“నా లక్షా ఇరవై కూడా పట్టుకెళ్లారా?”

“మొత్తం పట్టుకెళ్లారత్తయ్యా.”

“నాలుగేళ్లుగా పెట్టెలో దుప్పట్ల మధ్య పడుకున్న డబ్బే అది. దానికి నిద్రమత్తు తప్ప వేరే మత్తేం తెలుసు?”

మందులక్కకు నవ్వొచ్చింది. ఆ నవ్వు సగంలో ఏడుపైంది. ఫ్రిజ్ తలుపు సరిగా పడక దానికి కుర్చీ ఆనించి ఉంది. లోపల ఊళ్లో అరవైమంది ఆయుష్షు ఉంది. పందొమ్మిదేళ్లలో ఆమె ఒక్కసారి కూడా ‘లేదు, అవతలికి వెళ్లండి’ అనలేదు. వచ్చే వారం నుంచి అదే మాట రోజుకు అరవైసార్లు అనాలి.

“ఏడుపు తర్వాత చూద్దాం. రేపు వెళ్దాం పద. నేనూ వస్తాను” అంది అత్తగారు.

బుధవారం పొద్దున ఇద్దరూ విభాగానికి వెళ్లారు. ముద్దాయిలను చూసే వేళలు పదకొండు నుంచి పదకొండూ ఇరవై వరకు. వరసలో వాళ్లకు ముందు ముప్ఫై వేలను చూడ్డానికొచ్చిన తాపీమేస్త్రీ, పదకొండు వేలను చూడ్డానికొచ్చిన కొత్తజంట ఉన్నారు. పెళ్లికి చదివింపులుగా వచ్చిన కవర్లట. కవర్ల మీద ఇచ్చినవాళ్ల పేర్లుండడంతో ముఠా అని తేలిపోయింది. అందరికీ ఒకే ఫారం. ‘ముద్దాయికి మీరేమవుతారు?’ అన్నది మొదటి ప్రశ్న. బంధువు, స్నేహితులు, తోటి ముద్దాయి, ఇతరులు అని నాలుగు గడులు. యజమాని అన్న గడి లేదు (యజమాని ఎవరన్నదే కదా తేలాల్సింది, ముందే గడి పెడితే విచారణను ప్రభావితం చేసినట్టవుతుందని కౌంటరులో ఆయన ఓపిగ్గా వివరించాడు).

“బంధువని రాయమ్మాయ్. కడుపు కట్టుకుని పెంచాను” అంది అత్తగారు.

స్టోరు గది అధికారి వాళ్లను కటకటాల దాకా తీసుకెళ్లాడు. బక్కగా, మెత్తగా, ఆస్పత్రిలో నర్సులా మాట్లాడే మనిషి. లోపల అరల నిండా సంచులు, డబ్బాలు, కవర్లు, ఒక పిల్లల పిగ్గీబ్యాంకు. పిగ్గీబ్యాంకుకు మైనరు కావడం వల్ల వేరే అర ఇచ్చారు.

“బాగానే ఉన్నాయండీ మీవాళ్లు. మొదటి రోజు కాస్త బెంగపెట్టుకున్నాయి, ఇప్పుడు సర్దుకున్నాయి” అన్నాడు.

అత్తగారు కళ్లజోడు పైకి తోసి చూసింది. “సంచి చిక్కినట్టుందే.”

“కస్టడీలో ఎవరైనా కాస్త చిక్కుతారమ్మా” అన్నాడాయన సానుభూతిగా.

విచారణ శుక్రవారమే ఉందని తెలిసింది. మామూలుగా అయితే ఏడాది పట్టేదట. స్టోరు గది నిండిపోయి కొత్త ముద్దాయిలకు చోటు చాలక తొందరపడుతున్నారట. కాకపోతే అప్పటికల్లా నగదుకు సత్ప్రవర్తన ధ్రువపత్రం, నగదును వ్యక్తిగతంగా ఎరిగిన ఒక సాక్షి కావాలి. మందులక్క అప్పటికప్పుడే బ్యాంకుకు పరుగెత్తింది. మేనేజరు మంచివాడే, ఆమె దగ్గర నడుం నొప్పికి మందు కొంటాడు. కానీ “అక్కా, ఆ డబ్బు మా గడప తొక్కలేదు. ముఖం తెలియని డబ్బుకు మంచిదని ఎలా రాసివ్వను?” అన్నాడు.

ఆమె అటు వెళ్లినప్పుడు అత్తగారు విభాగం ఆవరణలో చెట్టు కింద అరుగు మీద కూర్చుంది. అదే అరుగు పక్కన సార్‌గారు, ఆయన్ను చూసుకునే కానిస్టేబులు ఉన్నారు. కానిస్టేబులు ఆయన్ను కవాతు చేయిస్తున్నాడు. సార్‌గారు నాలుగడుగులు వేయడం, కూర్చోవడం. మళ్లీ నాలుగడుగులు, మళ్లీ కూర్చోవడం. అత్తగారు కాసేపు చూసింది.

“నాయనా, ఇలా ఎన్నాళ్ల నుంచి కూర్చుంటోంది?”

“ఏడాదై ఉంటుంది పెద్దమ్మా. అంతకుముందు నెలకోసారి కూర్చునేవారు. ఇప్పుడు ఎక్కడికెళ్లినా కూర్చుంటున్నారు. పట్టివేతలు మూడింతలయ్యాయి. అందుకే పతకమిచ్చారు.”

“లేచేటప్పుడు ముందు కుడికాలు పెడుతుందా?”

“అవును! మీకెలా తెలుసు?”

“నేనూ అంతే పెడతాను. అవి మోకాళ్లు నాయనా. పాపం, అది సరుకు దొరికి కూర్చోవడం లేదు, నడవలేక కూర్చుంటోంది.”

కానిస్టేబులు ముఖం పాలిపోయింది. పతకం గురించి కాదు. పదకొండేళ్లుగా తన పక్కన నడుస్తున్న జీవికి నొప్పి అని తనకు తట్టనందుకు. వెంటనే అక్కడే నేలమీద చతికిలబడి, సార్‌గారి కాలు ఒళ్లో పెట్టుకుని, “చెప్పొద్దా సార్ నాతో” అన్నాడు.

బ్యాంకు నుంచి తిరిగొచ్చిన మందులక్కకు తన డబ్బును పట్టించిన కుక్క మీద కోపం రావాల్సింది. కానీ వాచిన మోకాలు చూడగానే చెయ్యి దానంతటదే వెళ్లి దాన్ని తడిమింది. “నా అంతట నేను ఇవ్వకూడదు. పశువుల డాక్టరుకు చూపించి చీటీ రాయించుకురండి. మందు నా దగ్గరుంది” అంది. సాయంత్రం ఆరింటికి కానిస్టేబులు చీటీతో షాపుకొచ్చాడు. ఆమె రోజుకు ఎన్ని మాత్రలో, తిన్న తర్వాతే ఎందుకు వేయాలో మూడుసార్లు చెప్పి, బిల్లు రాసి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చింది.

గురువారమంతా ధ్రువపత్రం కోసం విభాగం మెట్లు ఎక్కడం దిగడంతోనే సరిపోయింది. మొదటి అంతస్తులో దరఖాస్తు తీసుకుంటారు గానీ ముద్ర రెండో అంతస్తులో ఉంటుంది. రెండో అంతస్తువాళ్లు ముద్ర వేస్తారు గానీ ముద్దాయి ఫొటో ఉండాలంటారు. ముద్దాయి ఫొటో తీయడానికి మూడో అంతస్తులో ఒకాయన ఉన్నాడు, ఎదుటి నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి తీస్తాడు. పక్క నుంచి తీసిన ఫొటోలో నోట్ల కట్ట సన్నగా గీతలా పడింది. పోలికలు తెలియడం లేదని రెండో అంతస్తువాళ్లు వెనక్కి పంపారు. చివరికి సాయంత్రం నాలుగున్నరకు ముద్ర పడింది. కాగితంలో ‘పై నగదు ఇంతవరకు ఏ నేరంలోనూ పట్టుబడలేదు, ప్రస్తుత నేరంలో తప్ప’ అని ఉంది.

శుక్రవారం పదింటికి విచారణ. గది చిన్నది, ఫ్యాను పెద్దది. బోనులో స్టూలు, స్టూలు మీద సంచి, సంచికి అటొకడు ఇటొకడు కానిస్టేబుళ్లు. విచారణాధికారి కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి కూర్చుంది. రిటైరు కావడానికి నెల మిగిలిన మనిషి. ఆ నెలను ప్రశాంతంగా గడపాలని ఆమె ముఖమంతా రాసి ఉంది.

బంట్రోతు గుమ్మం దాకా వెళ్లి గొంతెత్తాడు. “మూడు లక్షల ఎనభై వేలూ... హాజర్!”

మూడుసార్లు పిలిచినా జవాబు లేదు. ముద్దాయి విచారణకు సహకరించడం లేదని రాసుకున్నారు.

తనిఖీ అధికారి లేచి, వంతెన దగ్గర జరిగిన సంభాషణ మొత్తం పొల్లుపోకుండా చదివాడు. వింటుంటే మందులక్కకే తన మీద అనుమానమొచ్చింది. ఆమె షాపు లైసెన్సు తీసి చూపించింది.

“లైసెన్సు ఆవిడకుంది మేడమ్. డబ్బుకు లేదు” అన్నాడు తనిఖీ అధికారి.

విచారణాధికారి ఆ మాటలో పస ఉందన్నట్టు తలూపింది. తర్వాత నగదును వ్యక్తిగతంగా ఎరిగిన సాక్షిని పిలిచారు. అత్తగారు కుడికాలు ముందు పెట్టి వచ్చి నిలబడింది.

“ఈ నగదు మీకెప్పటి నుంచి తెలుసు?”

“చిన్నప్పటి నుంచీ తెలుసు. పదులుగా ఉన్నప్పుడు నా చేతుల్లోకొచ్చాయి. నా కళ్లముందే వందలయ్యాయి. పెద్దవైనా ఎప్పుడూ ఇల్లు దాటి ఎరగవు.”

“చెడు సావాసాలు?”

“మా చుట్టాలెవరికీ వాటి సంగతి చెప్పలేదు. ఇక సావాసాలెక్కడివి?”

“మత్తుమందుతో ఏనాడైనా సంబంధం?”

“నాకు మోకాళ్ల నొప్పికి మాత్ర కొనుక్కుందామన్నా ఆ డబ్బు తీయలేదమ్మా. వద్దులే, ఓర్చుకుందాం అనుకున్నాను. ఆ డబ్బు మందే ఎరగదు, మత్తుమందెక్కడిది?”

గదిలో ఎవరో ముక్కు చీదారు. విచారణాధికారి బల్ల కింద తన మోకాలును ఒకసారి నిమురుకుంది.

తనిఖీ అధికారికి పరిస్థితి నచ్చలేదు. “మాటలెందుకు మేడమ్? మా ప్రధాన సాక్షినే ప్రవేశపెడతాను” అన్నాడు.

సార్‌గారు వచ్చారు. రెండు రోజుల మాత్రలు, పొద్దునా సాయంత్రం గోరువెచ్చటి నీళ్ల కాపడం. మెడలో పతకం ఊగుతుండగా, కుర్రతనం తిరిగొచ్చినట్టు గుమ్మంలోంచి తుళ్లుతూ వచ్చారు. స్టూలు చుట్టూ తిరిగారు. సంచిని వాసన చూశారు. తనిఖీ అధికారి ఊపిరి బిగబట్టాడు. సార్‌గారు కూర్చోలేదు. ఇంకోసారి చుట్టూ తిరిగారు. కూర్చోలేదు. గది ఆ మూల నుంచి ఈ మూలకు పరుగెత్తి, బంట్రోతు చుట్టూ రెండు చుట్లు కొట్టి, అత్తగారి దగ్గరికి పోయి ఆమె చెయ్యి నాకారు.

“కూర్చోండి సార్” అన్నాడు తనిఖీ అధికారి పళ్లబిగువున.

సార్‌గారు తోకూపారు.

“సాక్షి ఎదురు తిరిగినట్టు రాసుకోండి” అంది విచారణాధికారి.

మందులక్కకు కడుపులోంచి నవ్వు తన్నుకొచ్చింది. గాజు బల్ల వెనక ఎన్నడూ నవ్వనంతగా వస్తోంది. అత్తగారు మోచేత్తో పొడిచింది. పొడుస్తున్న అత్తగారి భుజాలు కూడా అదురుతున్నాయి.

తీర్పు ముందు ముద్దాయిని ఒకసారి లెక్కపెట్టాలన్నది నిబంధన. స్టోరు గది అధికారి వచ్చి, వేలు తడిచేసుకుని, మెత్తగా, మర్యాదగా లెక్కపెట్టాడు. “మూడు లక్షల పన్నెండు వేలు” అన్నాడు.

విచారణాధికారి కాగితంలో ఉన్న అంకె మళ్లీ చూసుకుంది.

“మిగతా అరవై ఎనిమిది వేలు?” అంది విచారణాధికారి.

“పారిపోయాయి మేడమ్.”

“ఎలా పారిపోతాయి?”

“కిటికీలోంచి.”

“కిటికీకి ఇనుప వల ఉంది కదా?”

“నోట్లు సన్నగా ఉంటాయి మేడమ్.”

మందులక్క నవ్వు ఎక్కడిదక్కడ ఆగిపోయింది. లేచి నిలబడింది. “ఏమిటండీ ఈ మాటలు? అవి కాళ్లున్న జీవాలా? సంచి చిక్కిందని మా అత్తయ్య బుధవారమే చెప్పింది!”

“అంటే పరారీ సంగతి మీకు బుధవారమే తెలుసా?” అన్నాడు తనిఖీ అధికారి, చెవి వెనక నుంచి పెన్ను తీస్తూ.

అత్తగారు మందులక్క చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

విచారణాధికారి స్టోరు గది అధికారిని చూసింది, గోడమీద క్యాలెండరులో మిగిలిన తన ముప్ఫై రోజుల్ని చూసింది. ఆ తర్వాత చెప్పిన తీర్పు న్యాయశాస్త్రంలోనే కొత్త దారి. పారిపోవడం తప్పు చేసినవాళ్ల లక్షణం కాబట్టి అరవై ఎనిమిది వేలు దోషులు. కిటికీ తెరిచి ఉన్నా, తోటివాళ్లు పారిపోతున్నా, చట్టం మీద గౌరవంతో కదలకుండా కూర్చున్న మూడు లక్షల పన్నెండు వేలు నిర్దోషులు. వాటిని సగౌరవంగా వదిలిపెట్టాలి.

“పారిపోయినవాటితో మీకేమైనా సంబంధం ఉందా?” అని అడిగింది చివరగా.

మందులక్క నోరు తెరిచింది. ఆ అరవై ఎనిమిది వేలంటే ఎనిమిది నెలల పొద్దులు, వర్షంలో కూడా మూయని షాపు. అత్తగారు చెవిలో నెమ్మదిగా అంది: “లేదని చెప్పమ్మాయ్. ఉందంటే ఉన్నవి కూడా ఉండవు.”

“లేదండీ” అంది మందులక్క. ఆ మూడక్షరాలు ఆమెకు చేదుమాత్రలా ఉన్నాయి. ఆ డబ్బు ఎప్పుడైనా ఇంటికి తిరిగొస్తే వెంటనే పోలీసులకు అప్పగిస్తానని రాసి సంతకం కూడా పెట్టింది.

అటునుంచి అటే ఇద్దరూ నర్సింగ్‌హోమ్‌కు వెళ్లారు. పూల కొట్టాయన అప్పటికే వచ్చి ఫ్రిజ్ తలుపులు తెరిచి చూసుకుంటున్నాడు, చేతిలో నాలుగు లక్షలు పట్టుకుని. మందులక్క డాక్టరు ముందు కట్టలు పెట్టి, జరిగిందంతా చెప్పి, “అరవై ఎనిమిది తక్కువండీ. నెలనెలా...” అంది.

డాక్టరు నోట్లను చూడలేదు. వాటితోపాటు పెట్టిన తీర్పు కాపీని అందుకుని రెండుసార్లు చదివాడు. ముద్రను వెలుతురుకు పట్టి చూశాడు.

“అంటే ఈ డబ్బు నిర్దోషి అని ప్రభుత్వమే రాసిచ్చిందా?”

“అవునండీ.”

“ఇక దీన్నెవరూ పట్టుకోరా?”

“ఒకసారి వదిలిన కేసులో మళ్లీ పట్టుకోకూడదటండీ.”

డాక్టరు పూల కొట్టాయన వైపు తిరిగాడు. “నీ డబ్బుకు కాగితముందా?”

“డబ్బుకు కాగితమేంటి సార్? డబ్బే కాగితం కదా!”

“అదే వద్దంటున్నాను. నేను రేపు ఈ డబ్బు తీసుకుని మా కూతురి ఊరికి వంతెన మీదుగానే పోవాలి. నీ నాలుగు లక్షలు వంతెన దాటతాయో లేదో తెలీదు. ఇవి మూడు లక్షల పన్నెండే గానీ, దాటతాయి. అమ్మాయ్, ఫ్రిజ్ నీది. ఆ కాగితం మాత్రం నాకివ్వు.”

అలా ఆ ఊళ్లో కడిగిన ముత్యం లాంటి డబ్బు ఎవరిదగ్గరైనా ఉందంటే అది డాక్టరు దగ్గరే. పూల కొట్టాయన వెళుతూ వెళుతూ మందులక్కను పక్కకు పిలిచి, తన నాలుగు లక్షలను కూడా అరెస్టు చేయించాలంటే ఎవరిని కలవాలని అడిగాడు.

ఆ సాయంత్రమే ఫ్రిజ్ షాపుకొచ్చింది. గుమ్మం చాలక తలుపు ఊడదీశారు. కానిస్టేబులు డ్యూటీ దిగి వచ్చి ఒక చెయ్యి వేశాడు. లోపల పెట్టగానే నలుగురు నిలబడే షాపులో ఇద్దరే నిలబడగలిగారు. మందులక్క సీసాలన్నీ వరసగా సర్ది, తలుపు వేసి, అది దానంతటదే మెత్తగా మూసుకోవడం చూడ్డానికి మళ్లీ తెరిచి మళ్లీ వేసింది. అలా ఏడుసార్లు. మర్నాడు షుగరువాళ్లు అలవాటుగా ఇంటికే వచ్చారు. అత్తగారు వాళ్లను షాపుకు పొమ్మంది గానీ, నిన్న ఏం తిన్నారో చెప్పాకే పొమ్మంది.

సార్‌గారికి ‘కూర్చోవడంలో నిర్లక్ష్యం’ కింద మెమో ఇచ్చారు. కానిస్టేబులు దాన్ని ఆయనకు చదివి వినిపిస్తే, సగం తిన్నారట.

ఇక పరారీలో ఉన్న అరవై ఎనిమిది వేల కోసం ఊరంతా పోస్టర్లు అంటించారు. చివరిసారి కనిపించినప్పుడు ఎర్రటి రబ్బరుబ్యాండు ధరించి ఉన్నాయని, సమాచారమిచ్చినవారి పేరు గోప్యంగా ఉంచుతామని అందులో ఉంది. గాలింపు బృందానికి స్టోరు గది అధికారినే నాయకుడిగా వేశారు. వాటిని అంత దగ్గరగా చూసినవాళ్లు శాఖలో మరొకరు లేరట. పాపం ఆయన మనిషి నిలకడగా కూర్చోవడం లేదు. రోజూ పొద్దునా సాయంత్రం, కొత్త మోటారుసైకిల్ మీద, వీధి వీధీ తిరిగి వెతుకుతున్నాడు.